తమాలేల బానలో నాణెం

ప్యూబ్లా,
టీచర్ల శిక్షణ కళాశాల హాస్టలు,
అక్టోబరు 20, 1971

టొమాసా అమ్మమ్మకు,

నీ ఆరోగ్యం, అమ్మ ఆరోగ్యం, పందుల ఆరోగ్యం బాగున్నాయని తలుస్తాను. నేను బాగున్నాను. రెండో ఏడాది పాఠాలు కష్టమే అయినా మార్కులు బాగానే వస్తున్నాయి. మన ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే కదా. నేను తప్పితే ఇంటిల్లిపాదీ ఒకేసారి తప్పినట్టవుతుందని భయపడి చదువుతున్నాను.

ఇక్కడ ఆదివారాలు తమాలే పెడతారు. ఆవిరిలో ఉడికిన ఆ మొక్కజొన్న రేకు పొట్లం విప్పగానే నాకు దాని మీద జాలేస్తుంది. మొక్కజొన్న పిండి, పందికొవ్వు ఒకదానికొకటి పరిచయం లేనట్టు పడి ఉంటాయి. అందుకే ఇప్పటినుంచే క్రిస్మస్ గురించి అడుగుతున్నాను. ఈసారి కారంవి ఎన్ని చేస్తావు? ఎర్ర మిరప ముద్దతో పంది మాంసంవి, పచ్చిమిర్చి పులుసుతో కోడివి రెండూ ఉంటాయా? తీపివి ఎన్ని? నాకు మాత్రం గులాబీ రంగువి పది, కిస్మిస్ దండిగా వేసి పక్కన పెట్టించు. తీపి తమాలే అసలు తిండే కాదని నబోర్ మావయ్య ఈ ఏడూ అంటాడు. అననీ.

దోన్ ఫిలెమోన్ గారికి నమస్కారాలు. చర్చిలో గంటలు కొట్టే పని మధ్యలో మా ఉత్తరాలు చదివిపెడుతున్నందుకు, అమ్మమ్మ చెప్పింది రాసిపెడుతున్నందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

నీ మనవరాలు
ఎర్మీనియా


సాంటా రీటా,
నవంబరు 6

ఎర్మీ,

ఉత్తరం అందింది. దోన్ ఫిలెమోన్ రెండుసార్లు చదివి వినిపించాడు.

(మూడుసార్లు. వీధి చివరి గాడిద కూడా విన్నది. తర్వాత గొంతులో ఉప్పునీళ్ళు పోసి పుక్కిలించాను. — ఫిలెమోన్)

పందులు బాగున్నాయి, ఒకటి తప్ప. దాని సంగతి తర్వాత చెబుతా. ముందు అసలు సంగతి. ఈ ఏడు తమాలేలు లేవు.

పోయిన క్రిస్మస్ నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. అడుగున పెట్టిన కారంవి మాడి బొగ్గయ్యాయి. పైన పెట్టిన తీపివి పచ్చిపిండి. మూడు గంటలు పొయ్యి మీదున్న బానలో పచ్చిపిండి ఎందుకుంటుందే? వంటింట్లో ఎవరో కోపంగా ఉన్నారు. ఒక్కళ్ళకి కోపమున్నా తమాలే ఉడకదని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. మన పోట్లాటలు బానకి వినబడకుండా చెవుల్లా ఉండే దాని రెండు పిడులకీ మొక్కజొన్న రేకులు నేనే కట్టాను, ముడేసి మరీ. అయినా ఉడకలేదంటే, పైకి అనకుండా కడుపులో కోపం దాచుకున్నవాళ్ళెవరో ఉన్నారు. ఆ మనిషి ఒప్పుకుని బాన చుట్టూ మూడుసార్లు డాన్సు చేసేదాకా బాన పొయ్యెక్కదు. అంతే.

ఇంకో దరిద్రం, అదీ నీకు తెలిసిందే. బాన అడుగున వేసే మా అమ్మ నాణెం పోయింది. నీళ్ళున్నంతసేపూ గలగలలాడుతూ ఉండేది, పాపం. మాడు గీకి పందులకి పారేసినప్పుడు అందులో పోయుంటుంది. మచ్చల పంది మింగిందని నా అనుమానం. వారం రోజులు దాని వెనకే తిరిగాను. ఏమీ బయటపడలేదు. అప్పట్నుంచీ అదీ నేనూ మాట్లాడుకోవడం లేదు.

అమ్మమ్మ


ప్యూబ్లా,
నవంబరు 14

అమ్మమ్మకు,

నీ ఉత్తరం చదివి ఆ రోజు భోజనానికి వెళ్ళలేదు. ఆదివారమే కాబట్టి పెద్దగా నష్టపోలేదనుకో.

తమాలేలు లేకపోతే కొండ అవతలి చుట్టాలెవరూ రారు. నేను రెండు బస్సులు మారి, మొదటి బస్సులో కక్కుకుంటూ, రెండో బస్సులో నిలబడి వచ్చేది దేనికోసం? నీ కోసమే. కాని తమాలేలతో ఉన్న నీ కోసం.

నాకొక సందేహం. అది కోపం వల్ల కాకపోవచ్చేమో. బానలో నీళ్ళు అయిపోతే అడుగువి మాడతాయి, ఆవిరి అందక పైవి పచ్చిగా ఉంటాయి. నువ్వు పక్కనే కూర్చున్నావు కాబట్టి అలా జరిగే అవకాశం లేదనుకో. ఊరికే అడిగాను. దోన్ ఫిలెమోన్ గారూ, ఈ పేరా కొంచెం మెల్లగా చదవండి.

మచ్చల పందిని ఏమీ అనకు. అది మంచి పంది.

ఎర్మీనియా


సాంటా రీటా,
నవంబరు 24

ఎర్మీ,

నీ పేరా దోన్ ఫిలెమోన్ మెల్లగా చదివాడు. అంటే మూతి కదిపాడు. సరిగ్గా చదవవయ్యా, అలా నసుగుతావేంటి అంటే అప్పుడు చదివాడు.

(అప్పుడు గాడిద కూడా రెండోసారి విన్నది.)

నీళ్ళు అయిపోవడమా. మన ఇంట్లో బాన ఎవరిదో తెలుసుగా? నాణెం ఎవరికి వినబడుతుందో వాళ్ళది. మా అమ్మకి వినబడటం మానేసిన ఏడు బాన నా చేతికొచ్చింది. ఆ తర్వాత ఆవిడ మూల స్టూలు మీద కూర్చుని, పోయేదాకా కిస్మిస్‌లకి తొడిమలు తీసింది. నాకు మాత్రం పోయినేడు చివరిదాకా వినబడింది. గలగల, గలగల. కాబట్టి నీళ్ళ మాట ఎత్తకు.

నీ ఉత్తరం వీధంతా విన్నది కదా, మర్నాటినుంచీ ఒప్పుకోవడాలు మొదలయ్యాయి. ముందు నబోర్ వచ్చాడు. "అమ్మా, ఆ రోజు నాకు కోపంగానే ఉంది" అన్నాడు. ఎవరి మీదరా అంటే, "కిస్మిస్ మీద. పిండిలో చచ్చిన ఈగలా కనబడుతుంది, చిన్నప్పట్నుంచీ" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి వాడికి నలభై ఆరేళ్ళు పట్టింది. తర్వాత మీ సొలెదాద్ పిన్ని. "నాకు నీ మీదే కోపం. ఇరవై ఏళ్ళుగా చేతులు పడిపోయేలా పిండి పిసుకుతున్నా. ఒక్కరోజన్నా ఆ బాన పక్కన కూర్చోనిచ్చావా?" అంది. ఇంతలో పక్కింటి కూకా గోడ మీంచి తల పెట్టింది. "నేను మీ వంటింట్లో లేను గానీ, పిలవలేదని ఇటువైపు నుంచే కోప్పడ్డానక్కా. గోడ పొట్టిది కదా, దాటి వచ్చుంటుంది" అంది.

(నాకూ కొంచెం కోపం ఉండింది. 1969లో నాకు కారంవి మూడు ఇచ్చి తీపిది ఒక్కటే ఇచ్చారు. ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.)

ఇంతమందికి కోపముంటే బాన గడ్డకట్టి ఉండాలి. అందర్నీ ఖాళీ బాన చుట్టూ తిప్పాను. ఫిలెమోన్ బాగానే ఆడాడు. కానీ అసలు కోపం వీళ్ళెవరిదీ కాదని నాకు అనిపిస్తోంది. పైగా సొలెదాద్, "అమ్మా, ఈసారి నీ పక్కన నేను కూర్చుంటా. నాణెం ఆగగానే నువ్వు చెప్పు, నేను మూత తీసి చూస్తా" అంది. అది నన్ను చూసిన చూపు నాకు నచ్చలేదు.

కాబట్టి తమాలేలు లేవు. దోషి దొరకలేదు.

అమ్మమ్మ


ప్యూబ్లా,
డిసెంబరు 1
(పోస్టు చేయలేదు)

అమ్మమ్మా,

ఈ ఉత్తరం నీకు పంపలేను. పంపితే దోన్ ఫిలెమోన్ గారు చదవాలి. నీకు చదవాలంటే గట్టిగా చదవాలి. గట్టిగా చదివితే సొలెదాద్ పిన్ని వింటుంది. అయినా ఎక్కడో ఒకచోట రాయకపోతే పాఠాలు తలకెక్కడం లేదు.

నాణెం పంది మింగలేదు. నేను తీశాను.

పోయినేడు నాకు ఆరోగ్యశాస్త్రంలో తొంభై ఆరు మార్కులొచ్చాయి. నాణేల మీద క్రిములుంటాయని అందులో ఒక పాఠం. లక్షల క్రిములు, అమ్మమ్మా. మీ అమ్మ నాణెం ఎన్ని చేతులు తిరిగి ఉంటుందోనని నాకు ఒళ్ళు జలదరించింది. నువ్వు దాన్ని బానలో వేసి, చిల్లుల పళ్ళెం కోసం అటు తిరగ్గానే తీసి ఏప్రన్ జేబులో వేసుకున్నాను. బదులుగా వేయడానికి ఒక గాజు గోళీ మరగబెట్టి ఉంచాను కూడా. ఇంతలో అమ్మ రేకులు అందించమంది. గోళీ కిటికీలోనే ఉండిపోయింది.

నువ్వు బాన పక్కన కూర్చున్నావు. "నీళ్ళున్నాయా అమ్మా?" అని పిన్ని గంటకోసారి అడిగింది. నువ్వు ప్రతిసారీ తల వంచి, కళ్ళు మూసుకుని, "మోగుతోంది. శుభ్రంగా మోగుతోంది" అన్నావు.

నాణెం నా జేబులో ఉంది.

మొదటిసారి నువ్వు నన్ను ఆటపట్టిస్తున్నావనుకున్నాను. రెండోసారి భయమేసింది. మూడోసారి నీ మొహం చూశాను. బాన చెవులకు కట్టినట్టే నీ చెవులకూ ఎవరో రేకులు కట్టేశారని అర్థమైంది. మూత తీసి చూద్దామని అనడానికి కూడా నోరు రాలేదు. తీస్తే నీ మాట అబద్ధమైపోతుంది. బాన పిన్నికి పోతుంది. నువ్వు మూల స్టూలు మీద కూర్చుని కిస్మిస్‌లకు తొడిమలు తీస్తావు. నోరు మూసుకుంటే పంది మీద నేరం పడుతుంది.

పదకొండు నెలలుగా పంది మీదే ఉంచాను. పైగా నేను టీచరును కాబోతున్నాను.


ప్యూబ్లా,
డిసెంబరు 2

అమ్మమ్మకు,

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. పరీక్షలు బాగా రాశాను.

ఈ కవర్లో ఒక వస్తువు పెట్టాను. దాని గురించి ఏమీ రాయను. దోన్ ఫిలెమోన్ గారూ, చదవడానికి ఇంకేమీ లేదు, కవరు అమ్మమ్మ చేతికే ఇవ్వండి.

మచ్చల పందికి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఎర్మీనియా


సాంటా రీటా,
డిసెంబరు 9

(ముందుగా నా మాట ఒకటి. కవరు ఆవిడ చేతికే ఇచ్చాను. అందులోని పాత రాగి నాణెం అరచేతిలో పడ్డాక ఆవిడ పదకొండు నిమిషాలు మాట్లాడలేదు. గడియారం చూసే చెబుతున్నాను. ఆవిడకు ఇది రికార్డు. తర్వాత లేచి పంది దగ్గరికి వెళ్ళొచ్చారు. — ఫిలెమోన్)

ఎర్మీ,

నువ్వు పంపింది అందింది. పంది ఏమీ అనుకోలేదు. దానిది పెద్ద మనసు. నాణెం దొరికిందని వీధికి చెప్పాను. ఎక్కడ దొరికిందని అడిగిన కూకాకి మాత్రం, దొరికినచోట దొరికింది అని చెప్పాను.

పోయినేడు బాన పక్కన కూర్చున్నది ఒకటి దాచింది. ఏప్రన్ కట్టుకున్నది ఒకటి దాచింది. రెండూ ఒకే బరువు. అక్కడికి సరి.

కోపం విచారణ ఎత్తేశాను. బాన పొయ్యెక్కుతుంది. నువ్వు ఇరవై మూడుకల్లా రా. నాకు కుడిపక్కన సొలెదాద్ కూర్చుంటుందట, అది పట్టు వదలడం లేదు. ఎడమపక్కన నువ్వు కూర్చో. నా ఎడమ మోకాలు ఈమధ్య పట్టేస్తోంది, ఎవరైనా నొక్కాలి. ఎప్పుడు నొక్కాలో నీకు తెలుసు. నీళ్ళు బాగా మరిగేటప్పుడు దానికి నొప్పుండదు. నీళ్ళు తగ్గాకే నొప్పి పుడుతుంది. తగ్గిన వెంటనే నొక్కాలి.

ఎందుకయ్యా ఫిలెమోన్ నవ్వుతావు, రాయి.

(రాశాను.)

అమ్మమ్మ


ప్యూబ్లా,
డిసెంబరు 17

అమ్మమ్మకు,

నాకు గవదబిళ్ళలు వచ్చాయి. రెండు బుగ్గలూ వాచి నా మొహం మొక్కజొన్న బస్తాలా ఉంది. హాస్టల్లో పద్దెనిమిది మందికి వచ్చాయి. జనవరి ఆరో తేదీ దాకా ఎవరినీ గేటు దాటనివ్వరట. గేటు దగ్గర నర్సు కుర్చీ వేసుకుని అల్లుకుంటూ కూర్చుంది. నేను రాలేను. నీ మోకాలు నొక్కలేను.

రెండు రోజులు ఏడ్చాను. ఏడిస్తే బుగ్గలు నొప్పి. అందుకని మానేసి ఆలోచించాను.

కింద రాసినది దోన్ ఫిలెమోన్ గారు ఎంత గట్టిగా చదివినా నాకు అభ్యంతరం లేదు. వంటింట్లో కోపాన్ని అరికట్టడానికి మా కళాశాలలో ఒక కొత్త పద్ధతి ఉంది. బాన పక్కన కూర్చున్నవాళ్ళు పొడుగాటి చెక్క గరిటె పిడిని పళ్ళతో గట్టిగా కరిచి పట్టుకోవాలి. పెదవులతో కాదు, పళ్ళతోనే. రెండో కొనను బానకు ఆనించాలి. కళ్ళు మూసుకోవాలి. అప్పుడు కోపం చెక్కలోకి దిగిపోతుంది. ఇది శాస్త్రం.

నేను స్వయంగా పరీక్షించాను. చెవుల్లో దూది కుక్కుకుని, పైన శాలువా చుట్టుకుని, చెక్క స్కేలు కరిచి, కొనను అలారం గడియారానికి ఆనించాను. నాకు కోపం చాలా స్పష్టంగా తగ్గింది. టిక్కు టిక్కున తగ్గింది. గవదబిళ్ళలతో స్కేలు కరవడం ఎలా ఉంటుందో నేను రాయను. అయినా మూడుసార్లు చేశాను.

పండగకు ముందే, పిన్ని సంతకు వెళ్ళినప్పుడు, బానలో నీళ్ళూ నాణెమూ వేసి ఒక్కదానివే చేసి చూడు. అందరికంటే ముందు నీ కోపం తగ్గాలి కదా.

ఎర్మీనియా


సాంటా రీటా,
డిసెంబరు 28

ఎర్మీ,

ఈ ఉత్తరం నేను మెల్లగా చెబుతున్నాను. కిటికీ వేసి ఉంది. ఎందుకో చివర్న తెలుస్తుంది.

నువ్వు చెప్పినట్టే సొలెదాద్ సంతకి వెళ్ళినప్పుడు చేశాను. నాకున్నవి నాలుగే పళ్ళు. కానీ రెండు పైన, రెండు కింద, ఎదురెదురుగా ఉన్నాయి. దేవుడు ముందుచూపున్నవాడు. గరిటె కరిచి కొన బానకి ఆనించాను. ఏమీ లేదు. మా మనవరాలికి జ్వరం తలకెక్కిందనుకున్నాను. కొన కాస్త కిందకి జరిపాను.

మోగింది ఎర్మీ. దవడలో, పుర్రె లోపల, గలగలమని. మా అమ్మ నాణెం. నీళ్ళు ఇగిరేదాకా అట్లాగే కూర్చుని, మళ్ళీ పోసి మళ్ళీ విన్నాను.

వీధికి వినబడదు గనక చెబుతున్నా. మూడేళ్ళయింది నాకు వినబడక. అంచనా మీద నడిపాను. మొదటి రెండేళ్ళు అంచనా కుదిరింది.

(నాకు తెలుసు. గంటలు కొట్టేవాడికి ఎదుటివాళ్ళ చెవుల సంగతి తెలుస్తుంది. ఆవిడ చెప్పనిది నేను అనలేదు.)

పండగనాడు మధ్యాహ్నానికే బాన ఎక్కించాను. అడుగున కారంవి, పైన తీపివి. కళాశాల పద్ధతి అని చెప్పి అందరి చేతా గరిటెలు కరిపించాను. మీ అమ్మకి అట్లకాడ దొరికింది. నబోర్‌కి ఏదీ మిగల్లేదు, చాక్లెట్ చిలికే కవ్వం కరిచాడు. కూకా గోడవతల తన గరిటె తనే తెచ్చుకుని కరిచింది. ఎవరి నోరూ ఖాళీ లేదు, అందుకని మూడు గంటలు ఒక్క పోట్లాట లేదు. మా పెళ్ళయినప్పట్నుంచీ ఆ వంటింట్లో అంత నిశ్శబ్దం లేదు. అంటే, అంతకుముందు మూడేళ్ళూ నాకు నిశ్శబ్దమేననుకో, అది వేరు.

సొలెదాద్ నా కుడిపక్కన గరిటె కరిచి కూర్చుంది. కొన బానకి ఆనించాలని దానికి నేను చెప్పలేదు.

మూడో గంటలో గలగల కాస్తా గల... గల... అయింది. గరిటె తీసి, "సొలెదాద్, చెంబుడు వేణ్ణీళ్ళు పోయి" అన్నాను. "ఇంకా మోగుతూనే ఉందిగా" అంది. "మూత తీసి చూసుకో" అన్నాను. చూసింది. అరంగుళం నీళ్ళున్నాయి. నీళ్ళు పోసి, స్టూలు నా దగ్గరికి జరుపుకుని, "ఎట్లా తెలిసిందమ్మా?" అని అడిగింది. వచ్చే ఏడు చెబుతానన్నాను. చెబుతాను కూడా. ఇరవై ఏళ్ళు పిసికింది పాపం. పక్కన కూర్చోనీ. బాన ఇద్దరిదనుకుంటే బాన ఏమీ అనుకోదు.

రేకు విప్పితే పిండి అంటుకోలేదు. కారంవి నూటఇరవై, తీపివి అరవై, ఒక్కటీ పచ్చిది లేదు. నబోర్ ముందు కిస్మిస్‌లు ఏరి గట్టున పెట్టాడు. నాలుగోది తినేటప్పుడు ఏరడం మానేశాడు. తొమ్మిది తిన్నాడు, ఈగలతో సహా. ఫిలెమోన్‌కి తీపివి నాలుగు ఇచ్చాను. 1969 లెక్క తీరిపోయింది.

(తీరింది. పైగా రెండు ఎక్కువ. నాకిప్పుడు ఎవరి మీదా కోపం లేదు.)

బస్సు డ్రైవరు చేత డబ్బా పంపుతున్నాను. గవదబిళ్ళలకి కారం, పులుపు పనికిరావట, అందుకని అన్నీ గులాబీవే. పన్నెండు. నీకు పది, నర్సుకి రెండు. నిన్ను గేటు దాటనివ్వకపోయినా డబ్బాని దాటనిస్తుంది. బానలో వేసేముందు మా అమ్మ నాణెం బూడిదతో తోమి, పది నిమిషాలు మరగబెట్టాను. నీ క్రిములు ఏవైనా ఉంటే చచ్చుంటాయి.

ఇంకొక్కటి. ఆ గరిటె ఇప్పుడు నా శాలువాలోనే ఉంటోంది. రేడియోకి ఆనించాను. చర్చి తలుపుకి ఆనించాను. పందికి కూడా ఆనించాను, దానికి నచ్చలేదు. నీ మొన్నటి ఉత్తరం ఫిలెమోన్ మళ్ళీ చదువుతుంటే కొన అతని బల్లకి ఆనించి, మెల్లగా చదవమన్నాను. బల్ల మీద గడ్డం ఆనించి చదివాడు. ప్రతి ముక్కా వినబడింది. అతనిది ఇంత మెత్తటి గొంతని ఇన్నేళ్ళూ నాకు తెలీదు. ఎప్పుడూ అరుస్తుంటే కోపిష్టి మనిషనుకున్నాను.

త్వరగా తగ్గించుకో.

అమ్మమ్మ

(ఎర్మీనియాకు ఫిలెమోన్ చివరి మాట. రాసిన ఉత్తరం ఆవిడకు ఒకసారి చదివి వినిపించాను, మామూలు గొంతుతో, గడ్డం బల్ల మీద పెట్టి. ఉప్పునీళ్ళ అవసరం రాలేదు. కానీ సగంలో కూకా గారు వచ్చి కిటికీ కొట్టారు. ఆవిడ వెనక ఇంకో నలుగురు ఉన్నారు. "ఏమయ్యా, గొంతు పోయిందా? రెండు నెలల్నుంచీ వింటున్నాం. ఆ పిల్లకి బుగ్గలు తగ్గాయో లేదో మాకెట్లా తెలుస్తుంది?" అని అడిగారు. మీ అమ్మమ్మ లేచి కిటికీ తీసి, కూకా గారి చేతికి ఒక గరిటె ఇచ్చారు.)